తప్పింది తారా... మన లెక్కా?

"అత్తయ్యా, నక్షత్రాలు కూడా ఫెయిలవుతాయా?"

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అడిగింది మా ఆడపడుచు కూతురు. పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. 2024 మార్చిలో ఇంటర్ రాస్తే లెక్కల్లో ఆరు మార్కులు తక్కువొచ్చాయి. సప్లిమెంటరీలోనూ అదే వరస. ఇక అక్కణ్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా "మీ అమ్మాయి ఏం చేస్తోందీ?" అనడం, వాళ్లమ్మ గొంతు తగ్గించి "తప్పిందండీ" అనడం, ఈ పిల్ల లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం. మార్చిలో మళ్లీ రాయడానికి ఫీజయితే కట్టారు గానీ పుస్తకం ముట్టుకోవడం లేదట. "కాస్త మార్పుగా ఉంటుంది, పది రోజులు నీ దగ్గర ఉంచుకో వదినా" అని 2025 సంక్రాంతికి తెచ్చి దింపి వెళ్లింది మా ఆడపడుచు.

ఆ పిల్ల చేతిలో మావాడి సైన్సు పుస్తకం ఉంది. అందులో ఒకచోట 'విఫల నక్షత్రాలు' అని రాసి ఉంది. ఆ మాట కింద పెన్సిల్‌తో గీత కూడా గీసింది.

నేను సైన్సు చదివినదాన్ని కాదు. "ఏమో అమ్మడూ, తెలుసుకుని చెబుతాను" అన్నాను. అన్నాక తప్పుతుందా! రెండు రోజులు దొరికిందల్లా చదివాను. ఆకాశంలో పరీక్ష తప్పినవాళ్ల కథ ఇంత బావుంటుందని మాత్రం అనుకోలేదు.

రాజుకోని పొయ్యి

నక్షత్రం పుట్టుక చెప్పడానికి తేలికే. అంతరిక్షంలో వాయువూ ధూళీ కలిసిన పెద్ద మబ్బు తన బరువుకి తానే కుంచించుకుపోతూ ముద్దవుతుంది. నొక్కుకుపోయే కొద్దీ నడిమధ్య వేడెక్కుతుంది. ఆ వేడి చాలినంత పెరిగితే హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది. అంటే పొయ్యి రాజుకుందన్నమాట. ఇక కోట్ల కోట్ల ఏళ్లు ఆరదు. మన సూర్యుడు అలా రాజుకున్న పొయ్యే.

మరి పోగైన సరుకు చాలకపోతే? పొయ్యి రాజుకోదు. పుట్టినప్పటి వేడితో కొన్నాళ్లు వెలుగుతుంది. ఆ తర్వాత దించిన పెనంలా నెమ్మదిగా చల్లారుతూ పోతుంది.

ఎంత సరుకుంటే చాలు? దీనికి తూకపు రాయిగా గురుగ్రహాన్ని తీసుకుంటారు. గురుడి బరువు మన భూమికి 318 రెట్లు. అలాంటి గురుగ్రహాలు 75 నుంచి 80 కలిస్తే వచ్చేంత బరువుంటే పొయ్యి రాజుకుంటుంది. అంతకు తక్కువైతే లేదు. ఇలాంటి గీటు ఒకటి ఉంటుందని 1962, 63 ప్రాంతంలో లెక్కగట్టి చెప్పినవారిలో భారత సంతతి శాస్త్రవేత్త శివ్ కుమార్ ముఖ్యులు. గీటుకి ఇవతల ఉండిపోయినవాటికి పుస్తకాలవాళ్లు తగిలించిన బిరుదే 'విఫల నక్షత్రం'.

అయితే వీటికి అసలు పేరు వేరే ఉంది. బ్రౌన్ డ్వార్ఫ్, అంటే గోధుమరంగు మరుగుజ్జు. ఆ పేరు పెట్టింది ఒక మహిళే! 1975లో బర్క్‌లీలో డాక్టరేట్ చేస్తున్న జిల్ టార్టర్. కార్నెల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మూడొందల మంది తరగతిలో తానొక్కతే ఆడపిల్ల. ఆ తర్వాత భూమికి ఆవల బుద్ధిజీవులెవరైనా ఉన్నారా అని వెతికే పరిశోధనలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. నిజానికి ఈ మరుగుజ్జులు గోధుమ రంగులో ఉండవు. అసలు రంగేమిటో తెలియని రోజుల్లో పెట్టిన పేరది. ఆవిడ పెట్టిన పేరులో పాస్, ఫెయిల్ అన్న మాటే లేదు, గమనించారా?

ఏడాది పాటు ఎదురుచూపు

పేరయితే పెట్టారు గానీ మనిషి మాత్రం కనబడలేదు. ఇరవై ఏళ్లు వెతికారు. దొరికిందనుకున్నవి కొన్ని కాకుండా పోయాయి. పొయ్యి లేనిదాన్ని చీకట్లో వెతకడం మాటలా మరి!

కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీద టెలిస్కోపులున్నాయి. 1994 అక్టోబరులో అక్కడ ఒక బృందం గ్లీస్ 229 అనే నక్షత్రాన్ని ఫొటో తీసింది. అది మనకి 19 కాంతి సంవత్సరాల లోపే ఉంది. ఒక్క కాంతి సంవత్సరం అంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. దూరమే అంటారా? ఆకాశం లెక్కల్లో అది మన పక్కవీధి.

ఎదురుగా వచ్చే లారీ లైట్ల వెలుగులో పక్కనున్న మనిషి కనబడడు. చెయ్యి అడ్డం పెట్టుకుంటే కనబడతాడు. వాళ్లు చేసిందీ అదే. నక్షత్రపు వెలుగుకి అడ్డుబిళ్ల పెట్టి చూశారు. పక్కన చిన్న చుక్క! నక్షత్రం కన్నా వేలరెట్లు మసకగా ఉంది.

వెంటనే ఊరంతా చాటారా? లేదు. ఆ చుక్క ఈ నక్షత్రం తోడేనా, లేక ఎక్కడో వెనక దూరాన ఉండి పక్కనున్నట్టు కనిపిస్తోందా? బస్టాండులో ఇద్దరు పక్కపక్కన నిలబడినంత మాత్రాన ఒకే ఇంటివాళ్లయిపోరు కదా. ఇద్దరూ ఒకే బస్సెక్కి ఒకే ఊళ్లో దిగితే అప్పుడు నమ్మవచ్చు. నక్షత్రాలు కూడా ఆకాశంలో కొద్దికొద్దిగా జరుగుతుంటాయి. రెండూ కలిసే జరుగుతున్నాయో లేదో చూడాలంటే కొన్ని నెలలు ఆగాలి. వాళ్లు ఏడాది ఆగారు! 1995లో మళ్లీ చూస్తే నక్షత్రంతో పాటే ఆ చుక్కా జరిగింది. తోడేనని తేలింది. నక్షత్రం గ్లీస్ 229ఏ అయితే, తోడు గ్లీస్ 229బి అయింది.

ఆ బృందానికి పెద్ద శ్రీనివాస్ కులకర్ణి. హుబ్బళ్లిలో పెరిగి, ఢిల్లీ ఐఐటీలో చదివి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ప్రొఫెసరైనవారు. మనమంతా ఇష్టంగా చదివే సుధామూర్తిగారికి స్వయానా తమ్ముడు. తడాషి నకజిమా, అప్పటికింకా విద్యార్థిగా ఉన్న రెబెకా ఓపెన్‌హైమర్ అందులో ముఖ్యులు. ఈ రెబెకా పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

గోబర్ గ్యాస్ సాక్ష్యం

తోడు సరే, అది నక్షత్రం కాదని ఎలా తెలిసింది? ఇక్కడే మన వంటింటి సరుకొకటి సాక్ష్యం చెప్పింది.

పల్లెటూళ్లలో పేడతో నడిచే గోబర్ గ్యాస్ పొయ్యి మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో మండే వాయువు మీథేన్. నక్షత్రపు వేడికి మీథేన్ నిలవదు, విడిపోతుంది. కాస్త చల్లని చోటే ఉండగలదు. పాలోమార్‌లోని 200 అంగుళాల పెద్ద టెలిస్కోపుతో ఆ చుక్క వెలుగుని విడదీసి చూస్తే మీథేన్ జాడ స్పష్టంగా కనిపించింది. గురుగ్రహం మీదా అదే జాడ ఉంది. ఇంకేం కావాలి! పై పొరల వేడి 650 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంది. సూర్యుడి పైభాగం 5,500 డిగ్రీలు. వెలుగు చూద్దామా అంటే సూర్యుడిలో లక్షో వంతు కూడా లేదు.

1995 అక్టోబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జరిగిన సభలో ఈ సంగతి చెప్పారు. విచిత్రమేమిటంటే, ఆ సభలోనే సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొట్టమొదటి పరాయి గ్రహం గురించీ ప్రకటన వచ్చింది. దానికి 2019లో నోబెల్ బహుమతి దక్కింది. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లయితే సందడంతా ఒకరి వైపే ఉండిపోతుంది చూడండి, అలాగన్నమాట.

ఒప్పులకుప్పతో తూకం

మరి దాని బరువెంత? 1995లో 20 నుంచి 50 గురుగ్రహాలంత ఉండవచ్చని అంచనా వేశారు. వెలుగునీ వేడినీ బట్టి చెప్పిన అంచనా అది. మనిషి వాలకం చూసి బరువు చెప్పినట్టు.

సరిగ్గా తూచాలంటే తక్కెడ కావాలి. ఆకాశంలో తక్కెడ ఎక్కణ్నుంచి తెస్తారూ? చిన్నప్పుడు మనం ఆడిన ఒప్పులకుప్ప గుర్తుందా! ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతుంటే బక్కపిల్ల పెద్ద చుట్టు తిరుగుతుంది, బొద్దుపిల్ల ఉన్నచోటే కాస్త కాస్త జరుగుతుంది. బొద్దుపిల్ల ఎంత జరిగిందో చూస్తే రెండో పిల్ల బరువెంతో చెప్పేయవచ్చు. నక్షత్రమూ దాని తోడూ ఆడేది కూడా ఒప్పులకుప్పే. కాకపోతే ఒక్క చుట్టు తిరగడానికి సుమారు 250 ఏళ్లు పడుతుంది!

హిప్పార్కస్, గయా అనే రెండు ఉపగ్రహాలు ఏళ్ల తేడాతో నక్షత్రాల స్థానాలను అతి సూక్ష్మంగా కొలిచాయి. ఆ కొలతలను టెలిస్కోపులు తీసిన ఫొటోలతో కలిపి, గ్లీస్ 229ఏ ఎంత జరిగిందో 2020, 21 సంవత్సరాల్లో లెక్కగట్టారు. తోడు బరువు తేలింది. ఎంతనుకుంటున్నారు? సుమారు 71 గురుగ్రహాలు!

శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు. 71 అంటే పాస్ మార్కుకి అంగుళం దూరం. అంత బరువున్నది ఇంత మసకగా, ఇంత చల్లగా ఉండడానికి వీల్లేదు. విశ్వం పుట్టిననాటి నుంచీ చల్లారుతున్నా ఆ బరువుకి అంత చల్లారదు. బరువు చూస్తే దాదాపు నక్షత్రం, వెలుగు చూస్తే ఎందుకూ కొరగానిది. జమా ఖర్చూ కలవలేదు.

గంగాళమా? రెండు చెంబులా?

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతొకటి చెప్పాలి. లెక్క కుదరనప్పుడు వాళ్లు ఆ చుక్కని తిట్టుకోలేదు. 'మనం దీన్ని చూడడంలోనే ఏదో పొరపాటుంది' అనుకున్నారు. ఒకటి కాదేమో, రెండేమో అన్న అనుమానం కొందరికి అప్పుడే వచ్చింది.

మనకిది అర్థం కావడానికి కాగిన నీళ్లు చాలు. గంగాళం నిండా కాచిన నీళ్లు గంట తర్వాత కూడా వేడిగానే ఉంటాయి. అవే నీళ్లు చిన్న చెంబుల్లోకి వంపేస్తే? చూస్తుండగానే చల్లారిపోతాయి. దూరాన్నుంచి ఆ నీళ్ల మొత్తం బరువు మాత్రమే చూసినవాళ్లు, గంగాళంలో ఉన్నాయనుకుని "ఇంత త్వరగా ఎలా చల్లారాయబ్బా!" అని ఆశ్చర్యపోక ఏం చేస్తారు?

కానీ అనుమానం వేరు, కళ్లతో చూడడం వేరు. చిలీ దేశపు ఎడారిలో పరనాల్ కొండ మీద ఎనిమిది మీటర్ల అద్దాలున్న నాలుగు పెద్ద టెలిస్కోపులున్నాయి. ఆ నాలుగింటి వెలుగునీ ఒకటిగా కలిపి చూసే పరికరం పేరు గ్రావిటీ. కాల్‌టెక్ విద్యార్థి జెర్రీ షువాన్, తోటి శాస్త్రవేత్తలు దాంతో గ్లీస్ 229బిని చూశారు. అదే సంస్థలో మరో విద్యార్థి శామ్యూల్ వైట్‌బుక్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుతో వేరే దారిలో వెతికింది. ఇద్దరికీ ఒకే జవాబు దొరికింది. 2024 అక్టోబరులో లోకానికి చెప్పారు.

అది ఒకటి కాదు. రెండు!

ఒకటి 38 గురుగ్రహాలంత, ఇంకొకటి 34. వాటి మధ్య దూరం సుమారు 60 లక్షల కిలోమీటర్లు. భూమికీ చంద్రుడికీ ఉన్న దూరానికి 16 రెట్లు మాత్రమే. పన్నెండు రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అలా తిరుగుతూనే రెండూ కలిసి ఆ నక్షత్రాన్ని చుట్టి వస్తున్నాయి. ఒప్పులకుప్పలో ఒప్పులకుప్ప! ఇక లెక్కంతా కలిసింది. 38, 34 బరువున్నవి ఆ మాత్రం చల్లబడి ఉండడం సహజమే.

ముప్ఫై ఏళ్లు! ఇరవై ఏళ్ల ఎదురుచూపు తీరాక దొరికింది కాబట్టి ఎంతోమంది దాన్ని అదే పనిగా చూశారు. అయినా అది జంట అని ఎవరికీ కనబడలేదు. రెబెకా పేరు గుర్తుంచుకోమన్నాను కదూ. 1995లో విద్యార్థిగా ఆ చుక్క వెలుగుని విడదీసి చూసిన ఆవిడ, ఇప్పుడు న్యూయార్క్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో పెద్ద శాస్త్రవేత్త. 2024 నాటి పరిశోధనా పత్రం మీదా ఆవిడ పేరుంది. తాను చెప్పిన కథలో కొత్త సంగతి బయటపడుతుంటే పక్కన నిలబడి సాయం చేయడానికి పెద్ద మనసు కావాలి.

డాబా మీద

పండగ వెళ్లిన నాలుగైదు రోజులకి వెన్నెల ఆలస్యంగా రావడం మొదలయింది. రాత్రి భోజనాలయ్యాక దుప్పటి కప్పుకుని ఇద్దరం డాబా ఎక్కాం. దక్షిణం వైపు, బాగా పైన, ఒకే వరసలో మూడు చుక్కలు. ఆర్ద్రా నక్షత్రం ఉండే వేటగాడి బొమ్మకి అది నడికట్టు. ఆ వేటగాడి కాళ్ల కిందే కుందేలు అనే చిన్న నక్షత్రాల గుంపుంది. గ్లీస్ 229 ఉన్నది అందులోనే. వట్టి కంటికి ఆనదు, బైనాక్యులర్స్ కావాలి. ఆ జంటనైతే పెద్ద టెలిస్కోపులే చూడాలి. "అదుగో, ఆ చోట" అని మాత్రం చూపించాను.

"ఇప్పుడు అక్కణ్నుంచి వచ్చే వెలుగు 2006లో బయల్దేరింది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు" అన్నాను. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

కథంతా చెప్పాను. చెబుతూ నాకు తెలియకుండానే నీతికథ ధోరణిలోకి వెళ్లిపోయాను కాబోలు, పిల్ల టక్కున పట్టేసుకుంది.

"రెండూ కలిసినా 72యే కదత్తయ్యా. గీటు 75 అన్నావుగా. అయినా నక్షత్రం కాదుగా!"

నిజమే. బుకాయించి లాభం లేదు. "కాదు. ఒక్కటీ నక్షత్రం కాదు. కానీ అవి నక్షత్రం అవుతామని ఎవరికైనా మాటిచ్చాయా? వాటి బరువుకి అవి ఎలా ఉండాలో అలా ఉన్నాయి. ఫెయిలయిందని రాసింది మనం. ఒకటే అనుకున్నదీ మనమే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. నేను మాత్రం ఆ ఒక్క సంగతే ఆలోచిస్తున్నాను. లెక్క కుదరకపోతే వాళ్లు మళ్లీ చూశారు. మేమెవరం ఈ పిల్లని మళ్లీ చూడలేదు. మార్కులెన్ని తగ్గాయో అందరం అడిగాం. ఎక్కడ తగ్గాయో ఒక్కరం అడగలేదు. ట్యూషన్ పెట్టించాం, తిట్టాం, దేవుడికి మొక్కుకున్నాం. అంతే.

"ఒకటడగనా? లెక్కల్లో నీకు ఏది రాదమ్మడూ?" అన్నాను.

"లెక్క వచ్చు అత్తయ్యా" అంది ఆకాశం వైపే చూస్తూ. "ప్రశ్నే అర్థం కాదు."

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీషు. క్లాసులో లేచి అడిగితే నవ్వుతారని రెండేళ్లు నోరు విప్పలేదట. తెలుగులో చెబితే ఇప్పటికీ చేసేస్తానంది. లెక్కల బెడద ఒక్కటే అనుకున్నాం మేమంతా. అసలు బెడద భాషదని, దాన్ని దాచుకోవడం ఇంకో బెడదని మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మావాడి డిక్షనరీ, పాత ప్రశ్నపత్రాలు వంటింట్లో నా పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను ప్రశ్నని ముక్కలు చేసి తెలుగులో చెప్పడం, తను లెక్క చేయడం. కొన్నిచోట్ల నా ఇంగ్లీషూ చాలలేదు, ఇద్దరం కలిసి వెతికాం. మార్చిలో ఏమవుతుందో నేను మాటివ్వలేను. కానీ వెళ్లే ముందు సైన్సు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు చూశాను. 'విఫల నక్షత్రాలు' కింద గీసిన గీత పక్కన ఆ పిల్ల పెన్సిల్‌తోనే చిన్న అక్షరాల్లో రాసింది:

"మళ్లీ చూడవలెను."